డిలీట్‌లో నల్ పాయింటర్: ఒకే లైన్, నాలుగు తప్పులు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అనంతపురంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ, డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ కోసం జావాలో సొంతంగా లింక్డ్ లిస్ట్ రాశావు, అంటే ఒక్కో నోడ్‌లో ఒక పేరు (నేమ్), తర్వాతి నోడ్‌ని పట్టుకునే లింకు (నెక్స్ట్) ఉండే గొలుసు. చివరి నోడ్ తర్వాత ఏమీ లేదు కాబట్టి దాని నెక్స్ట్ నల్. 44వ జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి అనంతపురం దాకా ఉన్న స్టాపులు అందులో పెట్టావు: కర్నూలు, వెల్దుర్తి, డోన్, ప్యాపిలి, గుత్తి, పామిడి, గార్లదిన్నె, అనంతపురం. పామిడి పేరు ప్రోగ్రాంలోనే రాసి డిలీట్ చేస్తే పోతోంది. అదే పామిడిని కీబోర్డు నుంచి టైప్ చేస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే లేనిదాన్ని పట్టుకుని ఏదో అడిగావన్న ఎర్రర్. కర్నూలుని తీయబోయినా అదే, లిస్టులో లేని కడప పేరు ఇచ్చినా అదే. ఇది కాక, ప్యాపిలిని డోన్ తర్వాత చేరిస్తే స్క్రీన్ మీద ప్యాపిలి, ప్యాపిలి అంటూ ఆగకుండా వస్తోంది. మూడు రోజులుగా కనబడిన ప్రతి చోటా 'నల్ కాకపోతేనే చెయ్యి' అని ఇఫ్‌లు పెట్టుకుంటూ పోయావు. ఇప్పుడు ఎర్రర్ రావడం లేదు, స్టాపులు కూడా పోవడం లేదు. సోమవారం ల్యాబ్ ఎగ్జామ్, నాకు ప్రోగ్రామింగ్ రాదేమో అని టెన్షన్‌గా ఉంది అన్నావు.

ముందు ఆ ఇఫ్‌లన్నీ తీసెయ్. ఎర్రర్ మళ్ళీ రానీ. తప్పు ఎక్కడుందో నీకు చెప్పగలిగింది ఆ ఎర్రర్ ఒక్కటే, దాని నోరు నువ్వే మూసేశావు.

రాదేమో అన్న భయం మాత్రం పెట్టుకోకు. ఈ నల్ అన్నదాన్ని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషలో పెట్టినవాడు టోనీ హోర్. క్విక్‌సార్ట్ అనే వరసపెట్టే పద్ధతి కనిపెట్టిన మనిషే. తేలిగ్గా పెట్టేయొచ్చు కదా అని పెట్టానని, అది వంద కోట్ల డాలర్ల తప్పయిందని 2009లో లండన్‌లో ఒక సభలో ఆయనే చెప్పుకున్నాడు. అప్పటినుంచి ప్రోగ్రాం రాసే ప్రతి ఒక్కరూ దీని దగ్గర ఆగినవాళ్ళే. నేను కర్నూలులో పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఇప్పటికీ ఆగుతాను. కాకపోతే ఆగినప్పుడు ఏం వెతకాలో తెలిసింది.

ఇప్పుడు నీ డిలీట్ చూద్దాం. నువ్వు రాసింది మాటల్లో చెప్తే ఇంతే (హెడ్ అంటే మొదటి నోడ్, కరెంట్ అంటే ఇప్పుడు నిలబడ్డ నోడ్):

కరెంట్ = హెడ్
కరెంట్.నెక్స్ట్.నేమ్, అడిగిన స్టాప్ కానంత వరకు: కరెంట్ = కరెంట్.నెక్స్ట్
కరెంట్.నెక్స్ట్ = కరెంట్.నెక్స్ట్.నెక్స్ట్

తీయాల్సిన నోడ్‌కి ఒక నోడ్ ముందే ఆగాలి అన్న సంగతి నీకు తెలుసు, అందుకే కరెంట్.నెక్స్ట్ పేరు చూస్తున్నావు. ఆ ఆలోచన సరైనదే. ఎక్సెప్షన్ ప్రతిసారీ రెండో లైన్‌లోనే వస్తోంది. కరెంట్ అనంతపురం దాకా వెళ్ళింది, అక్కడ నెక్స్ట్ నల్, ఆ నల్‌ని పట్టుకుని నేమ్ అడిగావు. లేని ఊరికి పేరెలా చెప్తుంది? ఆగిపోయింది.

ఇక్కడిదాకా నువ్వూ కనిపెట్టావు. తర్వాత 'కరెంట్.నెక్స్ట్ నల్ అయితే బయటికి వచ్చెయ్' అని పెట్టి పని అయిందనుకున్నావు. అక్కడ ఇంకో ప్రశ్న వేసుకోవాల్సింది: అసలు కరెంట్ అనంతపురం దాకా ఎందుకు వెళ్ళింది? నువ్వు చెప్పిన మూడు సందర్భాల్లో దీనికి మూడు వేరు వేరు జవాబులున్నాయి. ఎర్రర్ వచ్చిన లైన్ ఒకటే కావడంతో నీకు అవన్నీ ఒకే జబ్బులా కనబడ్డాయి.

కడప సంగతి తేలిక. కడప ఆ రోడ్డు మీద లేదు. చివరిదాకా వెతికి లేదని చెప్పడమే న్యాయం. ఇక్కడ నల్ రావడం తప్పు కాదు, దారి అయిపోయిందన్న జవాబు అది. ఆ జవాబు వినే ఏర్పాటు నీ లూప్‌లో లేకపోవడమే తప్పు.

కర్నూలు అలా కాదు. కర్నూలు లిస్టులో ఉంది, మొట్టమొదటే ఉంది. కానీ నువ్వు హెడ్ మీద నిలబడి హెడ్.నెక్స్ట్ పేరు చూస్తూ మొదలుపెట్టావు, అంటే వెల్దుర్తి నుంచి వెతికావు. హెడ్ పేరు ఒక్కసారైనా అడగలేదు. నువ్వు పెట్టిన ఇఫ్ ఇక్కడ ఏం చేసిందో చూడు: ఉన్న కర్నూలుని లేదనేలా చేసింది. ఎర్రర్ పోయి అబద్ధం వచ్చింది. ఎర్రర్ వస్తే ప్రోగ్రాం ఆగుతుంది, నువ్వు చూస్తావు. అబద్ధం ఆగదు.

టైప్ చేసిన పామిడి మూడోది. పేర్లు పోల్చడానికి రెండు ఈక్వల్ గుర్తులు వాడావు. జావాలో ఆ గుర్తులు రెండు స్ట్రింగ్‌ల అక్షరాలను పోల్చవు, రెండూ మెమరీలో ఒకే వస్తువా అని చూస్తాయి. ప్రోగ్రాంలోనే కోట్స్ మధ్య రాసిన పామిడిలన్నింటికీ జావా ఒకే వస్తువుని వాడుకుంటుంది, అందుకే అప్పుడు నీకు సరిపోయింది. కీబోర్డు నుంచి స్కానర్‌తో చదివిన పామిడి వేరే వస్తువు. అక్షరాలు ఒకటే అయినా వస్తువు వేరు కాబట్టి ఏ స్టాప్ దగ్గరా సరిపోలక కరెంట్ నేరుగా చివరికి పోయింది. ఈక్వల్స్ మెథడ్ వాడు.

నాలుగోది నువ్వు చెప్పలేదు, నీ మెనూ చూస్తే తెలిసింది. ముందు నెక్స్ట్‌ఇంట్‌తో ఆప్షన్ నంబర్ చదివి, వెంటనే నెక్స్ట్‌లైన్‌తో పేరు చదువుతున్నావు. నెక్స్ట్‌ఇంట్ అంకెని మాత్రమే తీసుకుంటుంది, నువ్వు కొట్టిన ఎంటర్ అక్కడే మిగిలిపోతుంది. తర్వాతి నెక్స్ట్‌లైన్ ఆ మిగిలిన ఎంటర్‌ని తీసుకుని ఖాళీ పేరు ఇస్తుంది. ఈక్వల్స్ పెట్టాక కూడా డిలీట్ పని చెయ్యకపోతే కారణం ఇదే అవుతుంది. నంబర్ చదివాక ఒక ఉత్త నెక్స్ట్‌లైన్ పెట్టి ఆ ఎంటర్‌ని మింగించు. ఇలాంటివి కంటికి కనబడాలంటే పేరుని రెండు బ్రాకెట్ల మధ్య పెట్టి ప్రింట్ చెయ్యి. ఖాళీ బ్రాకెట్లు వచ్చినా, పామిడి తర్వాత స్పేస్ ఉన్నా అక్కడే తెలిసిపోతుంది. నేను డీబగ్గర్ తెరిచేముందు చేసే పని ఇది.

ఇవన్నీ లిస్ట్ చివర ఒకే లైన్ దగ్గర ఆగాయి. నల్ కనబడగానే దాన్ని తప్పించుకునే ఇఫ్ రాయకు. ఇక్కడ నల్ రావడం సహజమేనా, అసలు రాకూడనిదా అని ముందు తేల్చుకో. సహజమైతే ఇఫ్ పెట్టు, దానికి ఒక అర్థం ఇవ్వు. రాకూడనిదైతే వెనక్కి నడువు, ఆ లింకుని ఎవరు సరిగా పెట్టలేదో దొరికేదాకా.

ఇది నాకు తెలిసిన తీరు చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరుశనగ కొనే ఒక గోదాం కోసం టోకెన్ల ప్రోగ్రాం రాశాను. రైతు రాగానే టోకెన్ లైన్ చివర చేరుతుంది, తూకం అయ్యాక ముందు నుంచి తీసేస్తాం, గోడ మీద స్క్రీన్‌లో తర్వాతి నంబర్ కనబడుతుంది. హెడ్, చివరి నోడ్‌ని పట్టుకునే టెయిల్ రెండూ పెట్టుకుని సొంతంగా రాసిన లిస్ట్. ఒక మధ్యాహ్నం స్క్రీన్ నల్ పాయింటర్‌తో ఆగిపోయింది. హెడ్ నల్‌గా ఉంది. నేను అక్కడ 'హెడ్ నల్ అయితే ఖాళీ అని చూపించు' అని పెట్టి వచ్చేశాను. మర్నాడు ఫోన్. గోదాం బయట బండ్లలో కాయలు పెట్టుకుని రైతులు ఎండలో నిలబడి ఉన్నారు, చేతుల్లో టోకెన్లున్నాయి, స్క్రీన్ మాత్రం ఖాళీ అంటోంది.

తప్పు స్క్రీన్ దగ్గర లేదు, టోకెన్ తీసే మెథడ్‌లో ఉంది. చివరి టోకెన్ తీసినప్పుడు హెడ్‌ని నల్ చేశాను, టెయిల్‌ని అలాగే వదిలేశాను. అది తీసేసిన పాత నోడ్‌నే పట్టుకుని ఉంది. తర్వాత వచ్చిన రైతు టోకెన్ ఆ పాత నోడ్ వెనక చేరింది, ఆ తర్వాతివాళ్ళది దాని వెనక. లిస్ట్ పెరుగుతూనే ఉంది, హెడ్ నుంచి దానికి దారి లేదు, అంతే. ముందురోజు నేను ఆ ఇఫ్ పెట్టకుండా, హెడ్ నల్ ఎలా అయిందని వెనక్కి వెళ్ళుంటే గంటలో దొరికేది. ఆ ఎండలో నిలబడ్డ వాళ్ళ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

నీ లిస్టులోనూ ఇదే ఉంది. చివర త్వరగా చేర్చడానికి టెయిల్ పెట్టుకున్నానన్నావు. అనంతపురాన్ని డిలీట్ చేసి చూడు, ఏ ఎర్రరూ రాదు. ఆ తర్వాత చివర పెనుకొండ చేర్చి ప్రింట్ చెయ్యి. పెనుకొండ కనబడదు. డిలీట్‌లో టెయిల్‌ని గార్లదిన్నె మీదికి తేలేదు కాబట్టి పెనుకొండ తెగిపోయిన అనంతపురానికి తగులుకుంది. ఎక్సెప్షన్ కూడా రాని ఇలాంటి తప్పే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ప్యాపిలి గొడవ దీనికి చుట్టమే. నువ్వు ముందు డోన్.నెక్స్ట్‌లో ప్యాపిలిని పెట్టి, ఆ తర్వాత ప్యాపిలి.నెక్స్ట్‌లో డోన్.నెక్స్ట్‌ని పెట్టావు. రెండో లైన్ వచ్చేసరికి డోన్.నెక్స్ట్ అంటే ప్యాపిలే. దాని చెయ్యి దానికే ఇచ్చావు. గుత్తి నుంచి కింది ఊళ్ళన్నీ తెగిపోయాయి, ప్రింట్ లూప్‌కి నల్ ఎప్పటికీ దొరకదు. గుంతకల్లు యార్డులో గూడ్స్ బండి మధ్యలోకి ఒక వ్యాగన్ చేర్చడం ఊహించుకో. వెనక పెట్టెలు ఏ లైన్లో ఉన్నాయో చేతిలో లేకుండా ముందు కప్లింగ్ విప్పితే వాటిని మళ్ళీ పట్టుకునేది ఎలా? కాబట్టి కొత్త నోడ్‌ని ముందు వెనకదానికి తగిలించు, ప్యాపిలి.నెక్స్ట్ = గుత్తి. తర్వాతే డోన్‌ని విప్పి ప్యాపిలికి తగిలించు. కాగితం మీద బాణాలు గీస్తూ, ఒక్కో లైన్‌కి ఒక్క బాణం మాత్రమే చెరిపి గీస్తే ఈ తప్పు జరగనే జరగదు. స్క్రీన్ ముందు మూడు రోజులు కూర్చున్నావు కదా, కాగితం మీద పదిహేను నిమిషాలు కూర్చో.

కర్నూలు తంటా మళ్ళీ రాకుండా ఒక ఏర్పాటు ఉంది, నువ్వు నేర్చుకోవాలని నాకు గట్టిగా ఉంది. బస్సు డిపోలో బయల్దేరుతుంది, డిపోని ఎవరూ స్టాపుగా లెక్కపెట్టరు. అలాగే లిస్ట్ కట్టేటప్పుడే పేరు లేని ఒక నోడ్ పెట్టుకో, డిపో అను. కర్నూలు డిపో.నెక్స్ట్ అవుతుంది. ఇప్పుడు కర్నూలుకి ముందు కూడా ఒక నోడ్ ఉంది కాబట్టి మొదటి స్టాప్‌కి ప్రత్యేకమైన కోడ్ అక్కర్లేదు. లిస్ట్ ఖాళీ అయితే టెయిల్ కూడా డిపో మీదే ఉంటుంది, ఎన్నడూ నల్ కాదు. డిలీట్ ఇలా వస్తుంది (ప్రీవ్ అంటే తీయాల్సినదానికి ముందు నోడ్):

ప్రీవ్ = డిపో
ప్రీవ్.నెక్స్ట్ నల్ కాకుండా ఉండి, దాని నేమ్ అడిగిన స్టాప్ కానంత వరకు: ప్రీవ్ = ప్రీవ్.నెక్స్ట్
ప్రీవ్.నెక్స్ట్ నల్ అయితే: ఫాల్స్ తిరిగి పంపు
ప్రీవ్.నెక్స్ట్, టెయిల్ ఒకటే అయితే: టెయిల్ = ప్రీవ్
ప్రీవ్.నెక్స్ట్ = ప్రీవ్.నెక్స్ట్.నెక్స్ట్
సైజ్ (స్టాపుల లెక్క) ఒకటి తగ్గించు, ట్రూ తిరిగి పంపు

రెండో లైన్‌లో నల్ పరీక్ష ముందు, పేరు పరీక్ష తర్వాత ఉండాలి. మధ్యలో రెండు యాండ్ గుర్తులు పెడితే జావా ఎడమ నుంచి చూస్తుంది, ఎడమది తప్పయితే కుడివైపు ముట్టుకోదు. తారుమారు చేసి రాస్తే పరీక్ష ఉన్నా ఆగిపోతావు. ఒకటే యాండ్ గుర్తు పెట్టినా రెండువైపులా చూసి ఆగిపోతుంది. ఇక్కడున్న నల్ పరీక్షకి అర్థం ఉంది: అడిగిన ఊరు ఈ దారిలో లేదు. ఫాల్స్ అందుకే.

డిపో పెట్టాక ప్రింట్ డిపో.నెక్స్ట్ నుంచి మొదలవ్వాలి. మర్చిపోతే మొదటి పేరుగా నల్ అచ్చవుతుంది.

నీ ల్యాబ్‌లో జావా 8 ఉందన్నావు. అందులో ఎక్సెప్షన్ పేరు, లైన్ నంబర్ తప్ప ఏమీ రాదు. కరెంట్.నెక్స్ట్.నెక్స్ట్ అని రాసిన లైన్‌లో నల్ అయింది కరెంటా, దాని నెక్స్టా తెలియదు. ఇంట్లో లాప్‌టాప్‌లో జావా 17 గానీ 21 గానీ వేసుకో. 2020 మార్చిలో వచ్చిన జావా 14 నుంచి ఏది నల్ అయిందో చెప్పే ఏర్పాటు ఉంది, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన 15 నుంచి అది అడక్కుండానే పని చేస్తుంది. 'క్యానాట్ రీడ్ ఫీల్డ్ నేమ్ బికాజ్ కరెంట్ డాట్ నెక్స్ట్ ఈజ్ నల్' అని తేటగా వస్తుంది. ఆ వాక్యంలో క్రియని పట్టించుకో. రీడ్ అంటే లేని నోడ్ నుంచి చదవబోయావు, ఎక్కువగా లూప్ ఒక అడుగు ముందుకు పోయి ఉంటుంది. అసైన్ అంటే లేని నోడ్‌కి లింకు తగిలించబోయావు, హెడ్ దగ్గరో ఖాళీ లిస్ట్ దగ్గరో చూడు. ఇన్‌వోక్ అంటే నల్ మీద మెథడ్ పిలిచావు, పేరు లేకుండా నోడ్ కట్టావేమో అని కన్‌స్ట్రక్టర్ చూడు. వేరియబుల్ పేరు బదులు లోకల్2 లాంటిది కనబడితే కంపైల్ చేసేటప్పుడు హైఫన్ జీ పెట్టు, అసలు పేర్లు వస్తాయి. ల్యాబ్‌లో జావా 8 తోనే చెయ్యాలి కాబట్టి, ఒక లైన్‌లో ఒక్క చుక్క మించకుండా విడగొట్టి రాయడం అలవాటు చేసుకో. అప్పుడు లైన్ నంబరే జవాబు చెప్తుంది.

స్టాక్ ట్రేస్‌లో, అంటే ఎర్రర్‌తోపాటు వచ్చే లైన్ల జాబితాలో, పైన ఉన్న లైన్ ఎక్కడ ఆగిందో చెప్తుంది. దాని కింద ఎవరు పిలిచారో ఉంటుంది. చాలామంది మొదటి లైన్ చూసి మూసేస్తారు. నీ కోడ్‌లోని లైన్లన్నీ చదువు.

ట్రై, క్యాచ్ పెట్టి నల్ పాయింటర్‌ని పట్టేయమని నీ ఫ్రెండ్ సలహా ఇచ్చాడన్నావు. వద్దు. అది నువ్వు పెట్టిన ఇఫ్‌ల కంటే పెద్ద దుప్పటి.

దానికి బదులు చెక్ అనే చిన్న మెథడ్ రాసుకో. డిపో నుంచి నడుస్తూ నోడ్‌లు లెక్కపెడుతుంది. లెక్క సైజ్ దాటితే లిస్ట్ చుట్టు తిరుగుతోందని అరవాలి. నడక ఆగాక లెక్క సైజ్‌తో సరిపోవాలి, ఆఖరుగా నిలబడ్డ నోడ్, టెయిల్ ఒకటే అయి ఉండాలి. చేర్చిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ దీన్ని పిలువు. ప్యాపిలి చుట్టు తిరిగిన క్షణంలో, టెయిల్ అనంతపురంలో ఉండిపోయిన క్షణంలో, అంటే తప్పు జరిగిన చోటే ఆగుతుంది. నా గోదాం ప్రోగ్రాంలో ఈ పది లైన్లు ఉండి ఉంటే స్క్రీన్ దాకా వచ్చేదే కాదు.

సీ లో కూడా ఇదే రాయాలన్నావు కాబట్టి రెండు మాటలు. జావాలో కొత్త నోడ్ నెక్స్ట్ దానంతటదే నల్ అవుతుంది, సీ లో కాదు. మెమరీ అడిగితే మాలాక్ ఇచ్చిన చోట ఏదో పాత చెత్త ఉంటుంది, నువ్వే నల్ పెట్టాలి. పెట్టకపోతే నల్ పరీక్ష దాటిపోయి ఎక్కడో సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తుంది, లేదా ఒకరోజు రాకుండా ఇంకోరోజు వస్తుంది. నోడ్‌ని ఫ్రీ చేసేముందు, అంటే దాని మెమరీ తిరిగి ఇచ్చేముందు, దాని నెక్స్ట్‌ని వేరే వేరియబుల్‌లో దాచుకో, ఫ్రీ చేశాక ఆ నోడ్‌ని ముట్టుకోకు. సీ కంపైలర్ జీసీసీకి హైఫన్ జీ, దాంతోపాటు హైఫన్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్ ఇచ్చి కంపైల్ చేస్తే, ఫ్రీ అయిన నోడ్‌ని ఏ లైన్‌లో ముట్టుకున్నావో చెప్పేస్తుంది.

ఈ రాత్రి చెయ్యాల్సింది: ఖాళీ లిస్ట్ నుంచి తీయి. ఒకటే స్టాప్ పెట్టి దాన్నే తీసి, మళ్ళీ ఒకటి చేర్చు. కర్నూలుని తీయి. అనంతపురాన్ని తీసి పెనుకొండ చేర్చు. పామిడిని కీబోర్డు నుంచి టైప్ చేసి తీయి. కడప అడుగు. ప్రతిదాని తర్వాత చెక్, ప్రింట్. ఎక్కడైనా ఆగితే ఎర్రర్ మెసేజ్ మొత్తం, ఆ లైన్, కాగితం మీద గీసిన బాణాల ఫొటో మూడూ ఇక్కడ పెట్టు. రాత్రి పది దాటాక చూస్తాను.